రెండు వేళ్ల పొద్దు

ఎల్లారెడ్డి ఊళ్లో ఫొటోలు తీసే అన్న పొద్దును వేళ్లతో కొలిచేవాడు. చేయి చాచి చూస్తే, నేలకూ సూర్యుడికీ నడుమ ఎన్ని వేళ్లు పడితే అన్ని పావుగంటలు మిగిలినట్టు. ఆయన వెంట కెమెరా మోసే నా గడియారంతో అది సరిపోయేది.

ఆ సాయంత్రం నిజాంసాగర్ కట్ట మీద ఆయన దగ్గర ఫొటో పట్టే గాజుపలక ఒక్కటే మిగిలింది. మంచి మబ్బుల ఫొటో తేకపోతే తానిచ్చిన కెమెరా తిరిగి తీసుకుంటానన్నాడు ఊరి దొర. రెండు వేళ్ల పొద్దుండగానే సూర్యుడు మబ్బులో మునిగాడు.

"లెక్క తప్పింది, పోదాం పా అన్నా," అన్నాను.

"మబ్బుకు లెక్క ఏంది తమ్మీ? కూసో."

పొద్దు కుంకాక మబ్బుల అంచులు వెలిగాయి. అప్పుడు కెమెరా మూత తీసి, ఎనిమిది లెక్కపెట్టి మూశాడు.

మర్నాడు కామారెడ్డిలో చీకటి గదిలో కడిగి, తడి పలక బయటికి తెచ్చాడు. దాన్ని వెలుగుకు ఎత్తి చూశాను.

"అంతా నల్లగనే ఉంది గదన్నా!"

"పలక మీది నలుపే కాగితం మీద వెలుగైతది, పిచ్చోడా. కెమెరా మనకాడనే ఉంటది."