మాస్టారు దిద్దిన ఎడారి

మా సోషల్ మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున మొదటి వాయి ఇడ్లీ దించుతుంటే ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది నాకు, అబద్ధమెందుకు. ఆదివారం వస్తానన్న మనిషి మంగళవారమే వెళ్లిపోవడమేమిటి?

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన నాది టిఫిన్ కొట్టు. మూలబల్ల మాస్టారిది. పెసరట్టులో అల్లం దండిగా పడాలి, ఉల్లిపాయ కనబడకూడదు. ఎనిమిదో తరగతిలో ఎడారి పాఠాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఇసక, ఎండ, ఒంటె. ఇంకేటీ లేదు. రాసుకోండి." రాసుకున్నాం. అదే పరీక్షలో దించి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

కిందటి చలికాలం ఆయన యాత్రల బస్సులో రాజస్థాన్ వెళ్లారు. జైసల్మేర్ అవతల బస్సు పాడైపోయి ఓ చిన్న ఊళ్లో మూడు రోజులు ఉండిపోయారట. తిరిగొచ్చాక పాత విద్యార్థుల ఇళ్లు వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టారు. స్టీల్‌ప్లాంటులో పనిచేసే మా క్లాసు అతన్ని షిఫ్టు దిగి వస్తుంటే గేటు దగ్గరే ఆపి పాఠం చెప్పారు. తర్వాత వంతు నాది.

"ఏటమ్మా, నాను మీకు తప్పు సెప్పాను. దిద్దాలి."

"ఇప్పుడేటి పరీక్షలున్నాయి మాస్టారూ? ముందు పెసరట్టు తినండి."

"నవ్వకే. అన్నేళ్లు పిల్లల సేత అబద్ధం రాయించాను."

జేబులోంచి సుద్దముక్క తీసి, నేను టిఫిన్ల పేర్లు రాసుకునే నల్లబోర్డు తుడిచేశారు. ఇడ్లీ, పూరీ, ఉప్మా అన్నీ మాయం. పైగా "తడిగుడ్డ కాదే, పొడిగుడ్డ ఇయ్యి" అని గదమాయింపొకటి!

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ ఊరు మళ్లీ మొదటినుంచి గీసేవారు. ఏడాదికి నాలుగు వానలు పడితే ఎక్కువట. ఆ నీళ్లు రాతి నేల మీంచి జారి పల్లానికి చేరితే అక్కడ గట్టు కట్టి ఆపుతారట. నీళ్లు ఇంకిపోయాక ఆ చెమ్మలోనే గోధుమ చల్లుతారట. రాళ్లలో గవ్వల అచ్చులున్నాయని, ఒకప్పుడు అదంతా సముద్రమేనని చెప్పేవారు. ఆ ఊరి బావి దగ్గర ఒంటెల బిడారులు ఆగేవట. చేదతాళ్లు ఒరిసి ఒరిసి రాతి అంచంతా గాడులు పడిపోయిందట.

"మరా ఒంటెలన్నీ ఏటైపోయాయి మాస్టారూ?" అన్నాను పూరీలు వత్తుతూ.

"మీ ఓడలే మింగేసాయి. సరుకంతా రేవులకెళిపోనాది. తరవాత దేశం రెండయ్యి, ఉన్న బాట కూడా మూసుకుపోనాది."

మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆ రోజంతా అతన్ని ఒంటెల దొంగను చూసినట్టే చూశాను.

మాస్టారు గ్లాసులో చుక్క నీళ్లు మిగల్చడం మానేశారు. ఎందుకని ఒకసారి అడిగాను. "ఆ ఊళ్లో ఒక ముసలమ్మ కుండ వంచి అడుగునున్న నీళ్లు నాకు పోసిందే. ఏటీ లేదని నాను పాఠం సెప్పిన సోట," అని కండువాతో కళ్లొత్తుకున్నారు.

చివరి ఆదివారం బావి దగ్గర్నుంచి ఒక గీత మొదలుపెట్టారు. "ఇది ఎక్కడికెళ్తాదో తెలుసేటి?" అన్నారు. అవతల పార్సిళ్లవాళ్లు అరుస్తున్నారు.

"వచ్చే ఆదివారం సెప్పండి మాస్టారూ, ఈ పార్సిళ్లతో సచ్చిపోతన్నాను."

"సర్లే. మరిసిపోకు" అని సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్లిపోయారు. రెండు నిమిషాలు వింటే నా కొట్టేం మునిగిపోయేది కాదు. ఆ మాట ఇప్పుడు రోజుకు వందసార్లు అనుకుంటున్నాను.

సోమవారం కొట్టుకు సెలవు. అందుకే మంగళవారం దాకా బోర్డు తుడవలేదు. ఇక తుడవను. టిఫిన్ల పేర్లు అట్టముక్క మీద రాసి వేలాడదీశాను. ఇడ్లీ ఆవిరి తగిలి సుద్ద కరుగుతోందని పొయ్యి కూడా జరిపించాను. మాస్టారు ఉంటే మెచ్చుకునేవారు. ఆయన ఉంటే బాగుండును.

నిన్న పూరీ తింటున్న ఒకాయన బోర్డు చూసి, "ఇదేటక్కా, ఈ గీత ఎక్కడికెళ్తంది?" అన్నాడు.

"ఆదివారం మాస్టారొచ్చి సెప్తారు" అనేశాను.

అని, మూలబల్ల వైపు చూశాను. బావి దగ్గర మొదలైన తెల్లగీత బోర్డు చెక్క అంచుదాకా వచ్చి, అక్కడే ఆగి ఉంది.