ఉతో మామ్మ తొక్కల పొడి

ఉతో మామ్మ ఇంట్లో ఉందో తోటలో ఉందో తెలుసుకోవడానికి పిలవక్కర్లేదు. వాకిట్లో నిలబడి ఒక్కసారి గాలి పీల్చుకుంటే చాలు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఆవిడ ఎక్కడుంటే అక్కడ షీక్వాసా వాసన. ఉసిరికాయంత ఉండే ఈ పుల్ల నారింజ మా దీవిలో, ఒగిమి ఊరి కొండల్లో ఇంటింటి వెనకా కాస్తుంది. మామ్మకి నలభై చెట్లున్నాయి. ఎనభై తొమ్మిదేళ్ల వయసులో కూడా కింది కొమ్మల కాయలు తనే కోస్తుంది. పై కొమ్మలవి కొడుకు మొరియో కోస్తుంటే కింద నిలబడి తిడుతుంది.

"ఒరేయ్, కాడ పొడుగ్గా వదలకు! పక్క కాయకి గుచ్చుకుంటుంది. అరవై దగ్గర పడ్డావు, ఇంకా కత్తెర పట్టడం రాలేదు."

"నువ్వే కదమ్మా నేర్పింది," అంటాడు ఆకుల్లోంచి మొరియో.

నేను ఊళ్లో రసం తీసే మిల్లులో, పరీక్షల గదిలో పనిచేస్తాను. మా ఆయన ఉద్యోగం దూరాన నాహా పట్నంలో, వారానికోసారి వస్తాడు. పది నెలల మా పాప పగలంతా పొరుగింటి ఉతో మామ్మ దగ్గరే ఉంటుంది. మొదట్లో పాపని ప్రతి ఆదివారం తూచి, కాగితం మీద గీత గీసేదాన్ని. గీత వెంట్రుకవాసి కిందికి దిగినా నాకు తిండి సయించేది కాదు. ఒకసారి మామ్మ ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో పిల్ల ఎక్కడుంది?" అంది.

ఎనభై ఏళ్ల కిందట యుద్ధం మా దీవి మీదికి వచ్చిన ఏడు మామ్మకి తొమ్మిదేళ్లు. తల్లితో మూడు నెలలు కొండల్లో దాక్కుని, దొరికిన ఆకూ దుంపా తిని బతికింది. యుద్ధం అయ్యాక తల్లి మళ్లీ అరటి బోదె నారతో బట్ట నెయ్యడం మొదలుపెట్టింది. మగ్గం మీంచి దిగిన బట్ట అట్టలా ఉంటుంది. దాన్ని బూడిద నీళ్లలో ఉడికించి, తరవాత పుల్లటి నీళ్లలో నానబెడితేగానీ ఒంటికి మెత్తబడదు. ఆ పులుపు కోసం పచ్చి షీక్వాసా కాయలు పిండడం చిన్న ఉతో పని. పిండిన తొక్కతో కాళ్ల మడమలు రుద్దుకునేవారు, చేప గిన్నెలు తోమేవారు. మిగిలింది పెంటలో పడేసేవారు.

పెళ్లయ్యాక ముప్ఫై ఏళ్లు బాగానే గడిచింది. తరవాత భర్తకి షుగర్ వచ్చింది. సముద్రంలో పగడపు రాయి గీసుకుని బొటనవేలికి పుండు పడింది. "ఇదేం చేస్తుంది" అనుకున్నారు. ముందు వేలు తీశారు, తరవాత మోకాలి కింద దాకా తీశారు. రెండేళ్లకి మనిషే పోయాడు. అప్పట్నించీ గుమ్మంలో చెప్పులు విడిచే ఎవరినైనా మామ్మ ముందు పాదాల కేసి చూస్తుంది, తరవాతే ముఖం కేసి.

మొన్న ఆగస్టు మొదట్లో మిల్లువాళ్లు నన్ను ఊరి సభలో మాట్లాడమన్నారు. షీక్వాసా తొక్కలో నోబిలెటిన్ అనే పదార్థం ఉందనీ, అది పచ్చికాయలో ఎక్కువనీ, కొవ్వు దాచుకునే కణాలు ఎదిగే తీరుని అది మారుస్తుందనీ చెప్పాను. కొవ్వు తిండి పెట్టిన ఎలుకలకి దాన్ని ఇస్తే వాటి కాలేయంలో కొవ్వూ, రక్తంలో చక్కెరా తగ్గాయని బొమ్మలు కూడా చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఉతో మామ్మ కొట్టలేదు, ఒళ్లోని తన చేతులకేసి చూసుకుంటోంది.

మర్నాటినించీ ఆవిడ తొక్క ఒక్కటీ పారెయ్యలేదు. చాపల మీద ఎండబెట్టింది, రాతి తిరగలిలో విసిరింది. పొద్దునా సాయంత్రం మొరియో పళ్లెం పక్కన చెంచాడు పొడి పెట్టేది. మొరియోకీ నాలుగేళ్లుగా షుగర్ ఉంది. మా వైపు ఇంటి పెద్దావిడ "తిను, తిను" అంటూ వడ్డించింది కాదనే మనిషి లేడు. కడుపు నిండినా తినాలి, చేదైనా తినాలి.

సెప్టెంబరు చివర్లో ఒక ఉదయం పాపని దింపడానికి వెళ్తే మామ్మ వెలిగిపోతూ ఎదురొచ్చింది.

"అమ్మాయ్, నీ చదువు మా ఇంటికి పనికొచ్చింది. మావాడు మాత్రలు మానేశాడు. నెల దాటింది."

"డాక్టరు మానమన్నాడా మామ్మా?"

"డాక్టరెందుకు? నువ్వు చెప్పావుగా!"

సాయంత్రం మిల్లు వదలగానే పరిగెత్తాను. మొరియో పెరట్లో బుట్టలు సర్దుతున్నాడు. అంత ఉక్కలోనూ కాళ్లకి మందపాటి మేజోళ్లున్నాయి.

"అన్నయ్యా, ఇంత వేడిలో మేజోళ్లేంటి?"

ఆయన ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మెల్లిగా. అమ్మ వింటుంది."

"పుండా?"

"చెప్పు కరిచింది. మూడు వారాలైంది. మానుతుందిలే అనుకున్నా."

"మాత్రలెందుకు మానావు?"

"కడుపులో తిప్పేవి. రోజూ పొద్దున్నే వాంతి వచ్చేలా ఉండేది. ఇటు అమ్మేమో పొడి నోటిదాకా తెచ్చి పెడుతుంది. రెండూ ఎందుకనిపించింది. మానేశానని చెప్పినప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది నువ్వు. నాన్న పోయాక అంత సంతోషంగా ఎప్పుడూ చూళ్లేదు."

"రేపే నాగో పట్నం ఆసుపత్రికి వెళ్దాం."

"వస్తా. అమ్మకి మాత్రం చెప్పకు."

"చెప్పక్కర్లేదు," అంది వెనకనించి ఉతో మామ్మ. పాపని చంకనేసుకుని వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. పాపని నా చేతికిచ్చి, కొడుకు ముందు నేల మీద కూర్చుంది. "మేజోడు తియ్యి."

"అమ్మా..."

"తియ్యమన్నానా."

బొటనవేలు పక్కన పుండు అంచు నల్లబడింది. మామ్మ ముట్టుకోలేదు. చాలాసేపు చూసి, తల తిప్పకుండానే నన్ను అడిగింది.

"నా పొడి పనిచెయ్యలేదా?"

మెల్లిగా చెప్పాను. "మామ్మా, దాన్ని పరీక్షించింది గాజు పళ్లెంలో పెంచిన కణాల మీదా, ఎలుకల మీదా. కొన్ని పరీక్షల్లో కొవ్వు తగ్గింది, కొన్నింట్లో కణాలు ఇంకా చురుగ్గా ఎదిగాయి. కొవ్వు కణం ఉండడం తప్పు కాదు, అది సరిగ్గా దాచుకోకపోతే ఆ కొవ్వు కాలేయానికి పోతుంది. పొడి మనిషికి ఏం చేస్తుందో ఇంకా ఎవరికీ గట్టిగా తెలియదు. మాత్ర సంగతి తెలుసు. ఆ రోజు ఇది కూడా చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"చివర్లో. అన్నం పెట్టెలు పంచుతున్నప్పుడు."

"అప్పుడు ఎవడు వింటాడే, వెర్రిదానా!"

మొరియో నవ్వు ఆపుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. చివర్లో చెప్పినమాట మొదట్లోనే చెప్పి ఉండాల్సిందని ఆ రెండు నిమిషాల్లో వందసార్లు అనుకున్నాను.

మామ్మ మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని లేచింది. "చిన్నప్పుడొకసారి ఆటకి వెళ్లాలన్న తొందరలో, బూడిద నీళ్లలో ఉడికించకుండానే బట్ట తీసుకెళ్లి పులుపులో ముంచాను. నాలుగు నెలలు నేసిన బట్ట. గడ్డిమోపులా మిగిలింది. అమ్మ నన్ను కొట్టలేదు. ఆ బట్టని మడిచి నా పక్కలో పెట్టింది." కొడుకు కేసి చూసింది. "మళ్లీ అదే పని చేశాను రా. ఉడకబెట్టేది మాత్ర. నాది ఉత్త పులుపు."

మర్నాడు ఆసుపత్రిలో పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే ఎముకకి పాకేదన్నాడు డాక్టరు. కడుపులో తిప్పని మాత్ర రాశాడు, అన్నంతో పాటు వేసుకోమన్నాడు. మొరియో తలూపాడు గానీ ఆ ఊపు మీద నాకు నమ్మకం కుదరలేదు. సాయంత్రం ఏదో వంకతో పాపనెత్తుకుని వాళ్లింటికి వెళ్లాను.

మామ్మ వడ్డిస్తోంది. కాకరకాయ, టోఫూ వేపుడు, చేప పులుసు. చేప మీద చిటికెడు తొక్కల పొడి చల్లింది. నా చూపు చూసి, "రుచికి," అంది. తరవాత అల్మరాలోంచి బుల్లి నీలం పింగాణీ పళ్లెం తీసింది. పండగలకి ఊరగాయ వడ్డించే పళ్లెం అది. దాని మధ్యలో ఒక్క తెల్ల మాత్ర పెట్టి కొడుకు ముందుకి తోసింది.

"తిను, తిను."

"అమ్మా, ఇది మాత్ర. కూర కాదు."

"నేను వడ్డించానా లేదా?"

మొరియో నాకేసి చూశాడు, నేను పాపకేసి చూశాను. ఆయన మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. మామ్మ ఖాళీ పళ్లెం తిప్పి చూసి, కడిగి, రేపటికని బోర్లించింది.

డిసెంబరులో కాయలు పసుపెక్కేసరికి పుండు మానింది, గోరు ఒకటి పోయింది. ఆ పళ్లెం మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దునా సాయంత్రం దిగుతుంది. తోటలోంచి వచ్చి మొరియో గుమ్మంలో చెప్పులు విడుస్తాడు. మామ్మ పది వేళ్లూ చూసేదాకా అక్కడే నిలబడతాడు, వేళ్లు కాస్త విడదీసి మరీ.