ఆదివారం చెప్పని సాక్ష్యం

ఈ ఉదయం వార్డులో విరుగుడు మందు సీసా తెరవగానే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. కొత్త నర్సు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం డాక్టర్ సుగుణమ్మ పక్కన నిలబడ్డట్టే అనిపించింది. వికారాబాద్‌లోని మా చిన్న ఆసుపత్రిలో నాకు పని నేర్పింది ఆవిడే. ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు.

ఆవిడ ఉన్న రోజుల్లో, తాండూరు నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో పనిచేసే యోహాను పంటినొప్పికి ఒక దుకాణంలో నొప్పి గోలీలు, ఇంకో దుకాణంలో జ్వరం గోలీలు కొన్నాడు. పని మానలేక, నొప్పి లేచినప్పుడల్లా రెండూ మింగాడు. పేర్లు వేరైనా రెంటిలోనూ ఉన్నది పారాసిటమాలే; మోతాదు మించితే అది కాలేయానికి విషం. వాంతులతో మా దగ్గరికి వచ్చాడు. డాక్టరమ్మ ఆ గోలీల అట్టలు చూసి, రక్తపరీక్ష ఫలితం రాకముందే విరుగుడు ఎక్కించమన్నారు. శనివారానికి వాంతులు ఆగాయి, చాయ్ అడిగాడు. తల్లి ఎస్తేరమ్మ సంచి సర్దేసింది. మా సంఘంలో మేలు పొందినవాళ్ళు ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి.

"ప్రభువు ముట్టిండు డాక్టరమ్మా! ఇగ పంపియ్యి, రేపు చర్చిల సాక్ష్యం చెప్పాలె."

"గిప్పుడు చెప్తే అబద్ధసాక్ష్యం అయితది ఎస్తేరమ్మా. కడుపు ఊకున్నది గాని లివర్ ఇంకా కాలుతున్నది."

"గింత అవిశ్వాసమా నీకు?"

"సాక్ష్యం చెప్పెటోడు బతికుండాలె గదమ్మా!"

ఆదివారం ఆరాధన వేళకు యోహాను కళ్ళు పచ్చబడ్డాయి. రక్తం గడ్డకట్టే పరీక్ష ఫలితం చెడుగా వచ్చింది. డాక్టరమ్మ చేతులు చాపమంటే, అతని మణికట్లు పిట్ట రెక్కల్లా కొట్టుకున్నాయి. తల్లి పేరు అడిగితే తడబడ్డాడు. విషం ప్రభావం మెదడుకు చేరిందని ఆవిడకు అర్థమైంది. కాలేయం మార్చగలిగే హైదరాబాద్ ఆసుపత్రికి ఫోన్ చేసి, విరుగుడు ఆపకుండా, మాతో ఆంబులెన్స్ ఎక్కారు. కాలేయం చెడితే చక్కెర పడిపోతుందని, దారి పొడవునా రక్తంలో చక్కెర చూస్తూనే ఉన్నారు.

చేవెళ్ల దాటాక నేను ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాను.

"కండ్లు మూయకు బిడ్డా. వాని మీదనే పెట్టి ప్రార్థన చెయ్యి. దేవుడేం కోపం చెయ్యడు."

ఆవిడ పెదవులు కదులుతున్నాయి. చూపు మాత్రం యోహాను ఊపిరి మీదే ఉంది.

హైదరాబాద్‌లో కాలేయ మార్పిడికి సిద్ధమవుతుండగానే పరీక్షలు కుదుటపడటం మొదలైంది. చాలా భాగం చచ్చిన కాలేయం కొన్ని వారాల్లో తనంతట తాను తిరిగి పెరిగింది. ఎస్తేరమ్మ మా ఆసుపత్రికి ఆ కబురు తేగానే డాక్టరమ్మ చేతులు జోడించారు. "మన్నుతోని చేసినోనికి మల్ల చేసుడు ఒక లెక్కనా!" అని, ఎస్తేరమ్మ వైపు తిరిగి, "ఇగ చెప్పు నీ సాక్ష్యం" అన్నారు. అప్పటిదాకా నేను అద్భుతమంటే క్షణంలో జరిగేదనుకున్నాను.

ఇప్పటికీ రోగి తేరుకున్నట్టు కనబడితే ఇంటివాళ్ళకంటే ముందు నా మనసే స్తోత్రానికి పరుగెడుతుంది. అయినా మరోసారి చేతులు చాపమంటాను. ప్రార్థన లోపల సాగుతూనే ఉంటుంది, కళ్ళు తెరిచే.