పాతరలో డీజిల్

డీజిల్ ధర మళ్ళీ పెరుగుతుందని ఆత్మకూరు బస్సులో విన్నాను. ఆ సాయంత్రమే నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని బంకు ముందు నిలబడ్డాను. మేము కౌలుకు చేస్తున్న రెండెకరాల వేరుశనగకు అప్పుడే ఊడలు దిగుతున్నాయి. కరెంటు స్తంభం మా చేనుదాకా రాలేదు. బావి నీళ్ళు పైకెక్కాలంటే డీజిల్ ఇంజనే దిక్కు. ఇంకో రెండు తడులు అందితే కాయ, అందకపోతే పశువులకు మేత.

బంకులో డీజిల్ పోసేవాడు నా డబ్బాలు చూసి నవ్వాడు.

"ఏందన్నా, నువ్వు గూడ బంకు పెడ్తున్నవా?"

"లీటర్ల పన్నే శాన ఉంటదంట గద తమ్మీ! గంత తీసుకున్నంక సర్కారునే వచ్చి తడి కట్టుమను. నేను ఒడ్డు మీద పండుకుంట."

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్వు మీద పన్ను లేదు కదా, బాగానే నవ్వారు.

డబ్బాలు ఇంటికి తెస్తే నా భార్య గడపలోనే ఆపింది. మాది ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల పిల్లల పక్క.

"పొయ్యి పక్కన పెడ్తవా గిది? అందర్ని ఒక్కపారే కాలవెడ్తవా?"

వాకిట్లో తాతల నాటి పాతర ఉంది, జొన్నలు దాచుకునే గొయ్యి. దాచడానికి జొన్నలు లేక ఏళ్ళుగా ఖాళీ. డబ్బాలకు మూతలు లేవు. మూతులకు గుడ్డలు కుక్కి, పాతరలోకి దించి, పైన బండ కప్పాను. పెద్దవాళ్ళు బండ చుట్టూ మట్టితో మెత్తేవాళ్ళు. వారానికోసారి తీసేదానికి మెత్తడమెందుకని వదిలేశాను. ఐదో తరగతితో బడి మానేసినా ఇలాంటి తెలివికి నాకు కొదవ లేదు.

ధర పెరిగింది. నాలుగు రోజులు మీసం తిప్పుకుంటూ తిరిగాను. ఐదో రోజు కాని కాలంలో వాన పడింది. పరుగెత్తుకెళ్ళి చేలో వేలు గుచ్చితే గోరు మాత్రమే తడిసింది. ఇంటికొచ్చి బండ జరిపితే పాతరలో మోకాలి లోతు నీళ్ళు, వాటి మీద నెమలి మెడ రంగులు. మిద్దె నీళ్ళు, వాకిలి నీళ్ళు అన్నీ అందులోకే దిగాయి. చేనుకు చాలని వాన పాతరకు సరిపోయింది.

రెండు డబ్బాలు పక్కకొరిగి ఖాళీ అయ్యాయి. మిగిలిన రెండూ బరువుగానే ఉన్నాయి. ఆ ఆశతో ఒకదాన్నుంచి ఇంజన్‌లో పోసి తిప్పాను. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

ఇంజన్లు బాగుచేసే చాచాను ఆత్మకూరు నుంచి తీసుకొచ్చాను. పైపు విప్పి వాసన చూసి, నా మొహం చూశాడు.

"నీళ్ళు చేనుకు తాపాలె బేటా, ఇంజన్‌కు తాపినవేంది? జర ఓపిక పట్టు. నీళ్ళు అడుక్కు దిగుతయి, మీది డీజిల్ మెల్లగ తీయ్."

తీస్తే అంతా కలిపి ఒక బిందెడు వచ్చింది. ఇంజన్ నడిచింది. నా భార్య పార పట్టుకుని కాలువ వెంట ముందు నడిచింది. చేను సగం దాటకముందే ఇంజన్ ఆగింది. కాలువలో నీళ్ళ కొస మా కాళ్ళ ముందే ఇంకిపోయింది.

"డబ్బాల ఇంకేమన్న ఉన్నదా?" అంది.

"ఉన్నయి, అడుక్కు దిగిన నీళ్ళు."

"మరి అవ్వన్న చేన్ల పొయ్యరాదు? గట్లన్న జర తడుస్తది."

ఎగతాళి చేస్తోందనుకుని నవ్వబోయాను. ఆమె పార కింద పెట్టి, నిజంగానే డబ్బా ఎత్తుకుని మొక్కల వైపు నడిచింది. డీజిల్ కలిసిన ఆ నీళ్ళు మొక్కను చంపుతాయని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. నేను ఆపలేదు.