రెండు పాటల టైమ్

నిన్న ఉదయం ఆ వార్త నాకు ఆలస్యంగా చేరింది.

నేను ఆడియాలజిస్టుని. ఇబ్రహీంపట్నంలో వినికిడి పరీక్షలు చేస్తాను. బయటి శబ్దం చొరబడని గదిలో ఒక పెద్దాయనను పరీక్షిస్తున్నాను. ఫోన్ బయట టేబుల్ మీద ఉంది.

వచ్చి చూస్తే మమతవి పదకొండు మిస్డ్ కాల్స్.

"అక్కా, శిరీష లేదక్కా ఇగ."

"మళ్లీ చెప్పు" అన్నాను. నా పేషెంట్లు రోజూ నన్ను అడిగే మాట అది.

మళ్లీ చెప్పింది. కంపెనీ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉందట. రాంగ్ రూట్‌లో టిప్పర్ వచ్చిందట. దవాఖానకు చేరేలోపే అయిపోయిందట.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. శిరీష నా హౌస్‌మేట్. ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని. మమత స్కూల్ టీచర్. మేం ముగ్గురం రెండేళ్లుగా ఒకే పోర్షన్‌లో ఉంటున్నాం.

ముగ్గురికీ ఒకటే బాత్రూమ్.

పొద్దున పూట గొడవలు తీర్చడానికి శిరీషే ఒక రూల్ పెట్టింది. స్నానానికి రెండు పాటలు. తలస్నానమైతే మూడు. తలుపు బయట బ్లూటూత్ స్పీకర్ పెట్టేది. చివరి పాట ఆగిందంటే తలుపు దబదబా కొట్టేది.

నాకు మాత్రం ఏరి ఏరి పొడుగు పాటలు పెట్టేది.

"డాక్టరమ్మా, నీకోసం పెద్ద పాట పెట్టిన. జర మంచిగ రుద్దుకో!"

ఎక్కువగా కొరియన్ పాప్ పాటలే. మాటలు తెలియని చోట కూరగాయల పేర్లు పెట్టి పాడేది. బీరకాయ, సోరకాయ అంటూ చపాతీ కర్రను మైకులా పట్టుకుని స్టెప్పులేసేది.

"గా పాటల నీకేం సమజైతదే?" అని మమత అడిగితే, "నీ ఇంగ్లిష్ క్లాసుల పోరగాళ్లకు ఏం సమజైతది? గంతే!" అంది. ఆ రోజు మమత నవ్వాపుకోలేక పిండి చేతులతోనే నేల మీద కూర్చుండిపోయింది.

ఇక నేను చేసిన పని.

ఆ స్పీకర్ పక్కన ఒకరోజు సౌండ్ మీటర్ పెట్టి కొలిచాను. చెవులకు మంచిది కాదని చార్ట్ చూపించి వివరించాను.

"అక్కా, గిది ఇల్లు. నీ క్లినిక్ గాదు" అంది శిరీష.

అయినా నేను ఊరుకోలేదు. తన పుట్టినరోజుకి బయటి శబ్దాన్ని ఆపేసే ఇయర్‌బడ్స్ కొనిచ్చాను. బయటి రొద లేకపోతే తక్కువ వాల్యూమ్‌లోనే పాట స్పష్టంగా వినిపిస్తుంది. లెక్క సరైనదే. బాగా ఆలోచించి కొన్నానని నాకు కొంచెం గర్వం కూడా.

వారం తర్వాత మెట్ల మీద వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. తను తిరగలేదు.

అప్పుడు భయమేసింది. రోడ్డు మీదికి వెళ్తే ఒక్క చెవికే పెట్టుకోమన్నాను. "గట్లనే తియ్" అని నవ్వింది.

అలా చేస్తోందో లేదో మళ్లీ ఎప్పుడూ చూడలేదు. క్లినిక్‌లో ప్రతి పేషెంట్‌నీ రెండోసారి పిలిచి, రెండు చెవులూ విడివిడిగా పరీక్షిస్తాను. ఇంట్లో మనిషిని మాత్రం నవ్వు చూసి వదిలేశాను.

నిన్న దవాఖానలో తన వస్తువులు ఒక కవర్లో ఇచ్చారు. ఐడీ కార్డు. పగిలిన ఫోన్. టిఫిన్ బాక్స్.

ఒకే ఒక్క ఇయర్‌బడ్. కుడిది.

రెండోది ఎక్కడ? ఎవరినీ అడగలేకపోయాను. మధ్యాహ్నం ఆ బస్టాప్‌కి వెళ్లాను. రోడ్డు పక్కన కంకరలో మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. అది అక్కడ దొరికితే నేనే చంపినట్టు. దొరక్కపోతే ఏ టైరుకో అంటుకుని పోయినట్టు. ఎలా చూసినా నేనే.

టీ కొట్టు ఆమె దగ్గరకొచ్చి అడిగింది. "ఏం పారేసుకున్నవ్ బిడ్డా?"

వెతుకుతూనే ఉన్నాను.

సాయంత్రం శిరీష వాళ్ల నాన్న మా రూమ్‌కి వచ్చారు. బిడ్డకు కట్టడానికి మంచి బట్టలు కావాలన్నారు. అల్మారా ఆమెదేదో, మాదేదో తెలియక మధ్యలో నిలబడిపోయారు. మమత బట్టలు తీస్తుంటే, కిటికీ దగ్గర చార్జింగ్‌లో ఉన్న చిన్న తెల్ల డబ్బాని చేతిలోకి తీసుకున్నారు.

"గిదేంది బిడ్డా?"

మూత తెరిచాను.

ఎడమది అందులోనే ఉంది.

శిరీష దాన్ని ఇంట్లోనే వదిలి, ఒక్క చెవికే పెట్టుకుని వెళ్లింది.

ఆయనకు అంతా చెప్పేశాను. "నేనే కొనిచ్చిన బాపూ. బయట ఒక్క చెవికే పెట్టుకోమన్న. ఇంటదో ఇనదో అనుకున్న."

ఆయన ఆ డబ్బా మూత మెల్లగా మూశారు.

"మాట ఇన్నది గద బిడ్డా. ఇన్నా గూడ గిట్లెందుకైంది?"

నిన్నటి నుంచి ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాను. తప్పు నాది కాదని తేలితే ఊపిరి ఆడుతుందనుకున్నాను. ఆడటం లేదు. ఒక చెవి తెరిచే ఉంది. అయినా తను దక్కలేదు.

ఈ ఉదయం మమత టవల్ పట్టుకుని బాత్రూమ్ ముందు నిలబడింది. స్పీకర్ ఆన్ చేశాను. అది శిరీష ఫోన్ కోసం వెతికి వెతికి, దానంతట అదే ఆగిపోయింది.

మమత లోపలికి వెళ్లింది. నల్లా చప్పుడు ఎంతకీ ఆగలేదు. బయట గోడకు ఆనుకుని కూర్చున్నాను. తలుపు కొట్టేవాళ్లు ఎవరూ లేరు.

శిరీషా, ఇప్పుడు నీ వెనక ఎవరం లైన్‌లో లేం.

నీకు నచ్చినన్ని పాటలు విను. రెండు చెవులతో విను.

నిన్నెవరూ తొందరపెట్టని చోట నిమ్మళంగా ఉండు, తల్లీ.