దుప్పట్ల లెక్కలో లేని తొమ్మిది మంది

మా అమ్మమ్మ చూసినన్ని జైళ్లు ఈ భూమ్మీద ఏ గజదొంగా చూసి ఉండడు. తక్కువలో తక్కువ మూడు వందలు. దొంగలు ఒక్క జైల్లో పదేళ్లు కూర్చుని అదే గొప్పగా చెప్పుకుంటారు. ఈవిడ పొద్దున లోపలికి వెళ్లి సాయంత్రానికి బయటపడుతుంది. పైగా జైలు వాళ్లనే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది. నీళ్లు నమిలేది వాళ్లు.

ఆవిడ పని ఇదీ. ఏటా జైళ్లన్నిటికీ ఆవిడ పనిచేసే సర్కారు ఆఫీసు నుంచి ఒక ఫారం వెళుతుంది. ఎంతమంది ఖైదీలు, అందులో ఆడవాళ్లెందరు, విచారణ తేలనివాళ్లెందరు, ఇలాంటివి నింపి పంపాలి. ఆ ఫారం అచ్చుకి వెళ్లేముందు దాన్ని పట్టుకుని నాలుగైదు జైళ్లకు వెళ్లి, అక్కడి గుమాస్తాల చేత చదివించి, ఒక్కొక్క ప్రశ్నా వాళ్లకి ఏమని అర్థమైందో రాసుకురావాలి. వడ్డించకముందే ఉప్పు చూసే పని లాంటిది. ఉప్పు సంగతి చెప్పాలిగాని తినేవాడికి నమలడం నేర్పకూడదు. అంటే గుమాస్తా తప్పు చెప్పినా దిద్దకూడదు. దిద్దితే ఆ ఒక్కడూ బాగుపడతాడు, ప్రశ్న మాత్రం అలాగే అచ్చయి మిగతా జైళ్లన్నిటినీ తప్పుదారి పట్టిస్తుంది.

అందుకని ఆవిడ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. "ఆ అంకె ఎలా వచ్చింది?" అని అడగడం. ఆఫీసులో ఆవిడకి ప్రశ్నలమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. టీలో ఒక్క చెంచా చక్కెరే వేసుకున్నానని తాతయ్య అంటే, "ఆ ఒకటి ఎలా వచ్చింది?" అంటుంది. "చెంచా ఒకటే. ముంచింది మూడుసార్లు" అని ఆయన ఒప్పేసుకుంటాడు.

ఒక ఏడాది ఆ ఫారం శుక్రవారం నాలుగింటికి అచ్చుకి వెళ్లాలి. బుధవారం అమ్మమ్మ చివరి జైలుకి వెళ్లింది. గేటు దగ్గర సంచీ తడిమి, ఫోను పుచ్చుకుని, పెన్సిలు మాత్రం ఉంచి లోపలికి పంపారు. గుమాస్తా గది స్టోరుని ఆనుకుని ఉంది. కిటికీలోంచి చూస్తే కప్పుదాకా మడతపెట్టిన బూడిదరంగు దుప్పట్లు కనిపిస్తాయి. గుమాస్తా బక్కపలచటి మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడతాడు. జైల్లో అందరూ ఆయన్ని దుప్పట్లాయన అంటారు.

ఆరు ప్రశ్నలు సాఫీగా సాగాయి. ఏడోది వచ్చింది.

"నెలాఖరు రోజున మీ జైల్లో ఉన్న ఖైదీల సంఖ్య ఎంత?" అని అమ్మమ్మ చదివింది.

"రెండు వందల పద్నాలుగు."

"అంత చప్పున చెప్పేశారు. ఆ అంకె ఎలా వచ్చింది బాబూ?"

"దుప్పట్లండి" అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిందే అన్నట్టు. "గేటు పుస్తకాన్ని నమ్ముకుంటే కొంప మునుగుతుంది. పొద్దున ముప్ఫై మంది కోర్టుకి పోతారా, సాయంత్రం తిరిగొస్తారా, గేటువాడు అది ఎక్కించేసరికి మళ్లీ తెల్లారుతుంది. దుప్పటి అలా కాదు. మనిషి లోపలికొచ్చిన రోజు ఇచ్చి వేలిముద్ర వేయిస్తాం. వెళ్లిపోయే రోజు మడతపెట్టించి వెనక్కి తీసుకుంటాం. స్టోరు దాటి ఎన్ని దుప్పట్లుంటే లోపల అన్ని తలకాయలు. నాకు ముందున్న గుమాస్తా నేర్పి వెళ్లాడు. ఆయనకి ఆయన ముందాయన నేర్పాడట."

అమ్మమ్మ ముచ్చటపడింది. ఇంత శుద్ధమైన లెక్క ఆవిడ ఏ జైల్లోనూ వినలేదు. అది రాసుకుంటూ ఉండగా ఒక వార్డరు గుమ్మంలో నిలబడి, జ్వరం బిళ్ల కావాలన్నాడు. దుప్పట్లాయన సొరుగు లాగి, బిళ్లల అట్టలోంచి రెండు కత్తిరించి ఇచ్చాడు.

"మందులు మీ దగ్గర ఉంటాయా?"

"డాక్టరు సోమవారం, గురువారం వస్తాడండి. మిగతా రోజులు ఈ సొరుగే డాక్టరు. ఖైదీలు రెండు వందల ఇరవై దాటితే వారానికి ఆరు రోజులు పంపుతారట. మాకు దాటి చావదు. ఏటా రెండు వందల పదీ పదిహేనూ, అంతే."

"జ్వరం ఎవరికి?"

"ఆసుపత్రి గదిలో ఒక ముసలాయనకి. అక్కడ తొమ్మిది మంది పడి ఉన్నారు లెండి. జ్వరాలు, దగ్గులు, ఒకడికి కాలు పుండు."

అమ్మమ్మ పెన్సిలు ఆగింది. "వాళ్ల దుప్పట్లో?"

"అవి మా స్టోరువి కావండి. ఆ గదిలో మంచాలు, పక్కగుడ్డలు అన్నీ వైద్యశాఖవి. అక్కడికి మారేవాడు మన దుప్పటి మనకి అప్పగించే వెళ్లాలి."

చెప్పినవాడికి చీమ కుట్టినట్టయినా లేదు. విన్నావిడకి మాత్రం తేలు కుట్టినట్టయింది. రెండు వందల పద్నాలుగూ తొమ్మిదీ రెండు వందల ఇరవై మూడు. ఆరు రోజులు డాక్టరు రావాల్సిన జైలు అది. జబ్బుపడ్డవాళ్లే లెక్కలోంచి జారిపోతున్నారు కాబట్టి జబ్బు చూసేవాడు రావడం లేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ దొంగలెక్క రాయలేదు. ఒక్క మాట నోరు జారితే చాలు, దుప్పట్లాయన నెత్తి కొట్టుకుని కొత్త అంకె రాసేస్తాడు. కానీ ఆ మాట అనకూడదు. అమ్మమ్మ నోటికి తాళం వేసుకుని ఎనిమిదో ప్రశ్న చదివింది. ఏం చదివిందో ఆవిడకే తెలియదు.

ఇంటికొచ్చినా కాలు నిలవలేదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి తిరిగింది. ఉతికిన దుప్పట్లు రెండుసార్లు విప్పి మూడోసారి మడతపెట్టింది. తాతయ్యకి టీ ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు.

"ఇందులో పాలున్నాయి, చక్కెర ఉంది, టీపొడి సెలవు పెట్టినట్టుంది. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. మన ఇంట్లో ఎంతమందిమండీ?"

"నువ్వు ఇంటికొచ్చావా, ఇంకా జైల్లోనే ఉన్నావా? అది తేల్చు, చెబుతాను."

నేను అడ్డుపడి, గుమ్మంలో చెప్పుల జతలు చూసొచ్చి ఐదుగురం అన్నాను. తాతయ్య చెప్పుల పట్టీ తెగి కుట్టించడానికి ఇచ్చారని ఈ మొద్దుకి గుర్తులేదు.

"నేనెక్కడికి పోయానే?" అన్నాడాయన. "చెప్పులు తెగితే మనిషి పోయినట్టేనా?"

అందరూ నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. టీపొడి డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

గురువారం పొద్దున్నే సెక్షన్ ఆఫీసరు ఇంకా కుర్చీ తుడుచుకుంటూ ఉండగానే బల్ల ముందు నిలబడింది. ఆయన వయసులో చిన్నవాడు, అచ్చు గడువంటే భయం ఉన్నవాడు. అంతా విని ఫారం తీసి ఏడో ప్రశ్న పైకి చదివాడు.

"ఇందులో తెలియందేముందమ్మా? జైల్లో ఉన్నవాళ్లు ఎంతమంది అని అడిగాం. ఆసుపత్రి గది జైల్లో లేదా? తప్పు ఆ గుమాస్తాది."

"ప్రశ్న తేటగానే ఉంది సార్. అందుకే ఎవరూ రెండోసారి చదవరు."

"ఒక్క జైలు కోసం ఫారం మార్చమంటే ఎలా?"

"ఈయన దుప్పట్లు లెక్కపెట్టాడు. ఇంకొకాయన కంచాలు లెక్కపెడతాడేమో. మనం అడగలేదుగా." అమ్మమ్మ గది చుట్టూ ఒకసారి చూసింది. "సార్, మన సెక్షన్లో ఎంతమందిమి పనిచేస్తున్నాం?"

"పదకొండు."

"ఆ అంకె ఎలా వచ్చింది?"

"ఎలా రావడమేంటి, హాజరు పట్టీలో..." ఆయన మాట సగంలో ఆగిపోయింది. అమ్మమ్మది రోజువారీ కొలువు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ సంతకం పెట్టేది వేరే నోటుబుక్కులో.

"నేను మీ ఎదురుగానే నిలబడ్డాను సార్" అంది అమ్మమ్మ. కోపం లేదు ఆ గొంతులో. ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది.

ఆఫీసరు కళ్లు తిప్పుకుని కలం తీశాడు. ఏడో ప్రశ్న కింద ఒక లైను చేర్చాడు: జైలు ఆసుపత్రి గదిలో ఉన్నవారిని కూడా కలపండి. రాసి, ఆవిడ వైపు చూసి మెల్లిగా నవ్వాడు. "పరీక్షించని లైను అచ్చుకి పోకూడదు. ఈ నియమం మీరు నేర్పిందే. రేపు నాలుగింటిదాకా టైముంది."

శుక్రవారం రెండు బస్సులు మారి మళ్లీ అదే గేటు దగ్గర దిగింది. దుప్పట్లాయన కొత్త లైను చదివాడు. కళ్లజోడు ముక్కు మీదికి దించి ఇంకోసారి చదివాడు. పెన్సిలుతో రెండు వందల ఇరవై మూడు అని వేశాడు. దాని వంక చూశాడు. బల్ల మీది రబ్బరు ముక్క తీసి చెరిపేశాడు.

"ఎందుకు ఆగారు?" అంది అమ్మమ్మ. ఈ ప్రశ్న అడగడం నియమంలో ఉంది.

"అమ్మా, నిరుడు పదమూడు రాశా, ముందేడు పదకొండు రాశా. ఇప్పుడు ఉన్నట్టుండి ఇరవై మూడంటే పైనుంచి ఫోను రాదా? ఇన్నేళ్లూ ఈ తొమ్మిది మందిని ఎక్కడ దాచావయ్యా అంటారు. నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ డాక్టరు సంగతి నాకు తట్టలేదనుకున్నారా? మొన్న మీరు వెళ్లాకే తట్టింది. దుప్పటి గురించి అడిగారుగా. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు."

అమ్మమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నోటికి తాళం వేసుకున్నాననుకుంది, తాళంచెవి ఆయన చేతిలోనే పెట్టి వచ్చింది. అయినా ఏం లాభం? తెలిసినవాడు కూడా రాయలేని ప్రశ్న ఇంకా తప్పు ప్రశ్నే.

గేటు బయటికి పరుగులాంటి నడకతో వెళ్లి ఫోను తీసుకుంది. టైము మూడూ పది.

"ఇంకో లైను కావాలి సార్. లెక్కపెట్టే పద్ధతి మారడం వల్ల నిరుటికీ ఇప్పటికీ తేడా వస్తే ఇక్కడ గుర్తు పెట్టండి, అని. పక్కనే ఒక గడి."

"కాగితంలో చోటెక్కడుందమ్మా?"

"సంతకం గీత పైన రెండు వేళ్ల చోటుంది. కొలిచాను."

"మరి పరీక్ష?"

"ఇప్పుడే చేసొస్తాను."

గేటువాడు మళ్లీ సంచీ తడుముతూ, "ఈసారి లోపలే ఒక గది ఇప్పించమంటారా పెద్దమ్మా?" అన్నాడు. "నీ పక్క గదైతే ఇప్పించు. కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతా" అంది. వాడు గబగబా గొళ్లెం తీశాడు.

దుప్పట్లాయన ఆ లైను కాగితం ముక్క మీద చదివి, కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి తోసుకున్నాడు.

"మీకేమని అర్థమైంది?"

"తేడా వస్తే తప్పు నాది కాదని."

ఆ మాట రాసుకుని, మళ్లీ గేటు బయటికొచ్చి ఫోనులో ఆఫీసరుకి ఉన్నదున్నట్టు చదివి వినిపించింది. ఫారం నాలుగింటికి అచ్చుకి వెళ్లింది. "అసలు ఫారం వచ్చాక రాస్తారా మరి?" అని వెనక్కి వెళ్లి గుమాస్తాని అడగాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. అది ఆవిడ అడగాల్సిన ప్రశ్న కాదు. అడగలేదు.

ఆ తరువాతి నెలలు ఇంట్లోవాళ్లకి గడ్డుకాలం. నింపిన ఫారాలు సీలు వేసిన కవర్లలో పై అంతస్తుకి పోతాయి. వాటిని చూసే హక్కు ఆవిడకి లేదు. కవర్ల మూటలు మెట్లెక్కుతుంటే కింద నిలబడి చూసేదట. ఇంటికొచ్చి కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, లేకపోతే అసలు వేసేది కాదు. "ఉప్పు చూసే ఉద్యోగమని చెబుతావే, అది మనింటికి వర్తించదా?" అని తాతయ్య అడిగి, ఆ పూటకి పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు.

మళ్లీ ఒక మంగళవారం, ఖైదీల వయసు గురించిన కొత్త ప్రశ్నలు పట్టుకుని ఆ జైలుకే వెళ్లాల్సొచ్చింది. గేటువాడు బెంచీ చూపించాడు.

"కూర్చోండి పెద్దమ్మా. గుమాస్తా ఆసుపత్రి గదిలో ఉన్నాడు. డాక్టరు చీటీలు రాస్తుంటే ఈయన మందులు అందిస్తున్నాడు. గంట పడుతుంది."

"ఇవాళ మంగళవారం కదా?"

"మంగళవారం జ్వరాలు రావా ఏంటి?"

గంటా పది నిమిషాలు బెంచీ మీద కూర్చుంది. బస్సు తప్పిపోయింది. ఇంటికొచ్చి ఆ బస్సుని, బెంచీని, ఆలస్యం చేసిన డాక్టరుని వరసపెట్టి తిట్టింది. ఆ రోజు టీలో మాత్రం టీపొడి ఉంది. తాతయ్య రెండు గ్లాసులు తాగాడు. రెండో గ్లాసు అయ్యేలోపే ఆవిడ మళ్లీ లేచి వసారాలో తిరగడం మొదలుపెట్టింది. "మిగతా జైళ్లలో దేన్ని లెక్కపెడుతున్నారో ఏమో" అంటూ.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. మెచ్చుకుంటుందేమోనని కాసేపు చూశాను.

"మొదట్లో మూడు వందల జైళ్లని రాశావు. ఆ అంకె ఎలా వచ్చిందే?"

"చదివేవాళ్లకి బాగుంటుందని, అమ్మమ్మా."

"ఇరవై ఆరు. దుప్పట్లాయన జైలుకి ఎన్నిసార్లు వెళ్లినా అది ఒక్కటే. కొట్టేసి మళ్లీ రాయి."