అరవై మూడు సున్నాలు

ఒక మనిషి మూర్ఖుడని రుజువు చేయాలంటే మామూలుగా ఒక శత్రువు కావాలి, ఇద్దరు సాక్షులు కావాలి, కొంత కాలం పట్టాలి. నాకు అవేవీ అక్కర్లేకపోయాయి. నా చేతివ్రాతతో, నా డైరీలో, రోజుకు మూడు పూటలా వేళ వేసి మరీ ఆ పని నేనే పూర్తి చేసుకున్నాను. ఆ పేజీలు చించేద్దామని చాలాసార్లు అనుకున్నాను. నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నవాడికి పేజీ చించాలంటే వేలు కోసుకున్నట్టుంటుంది. అందుకని చించకుండా మీకే చెప్పేస్తున్నాను.

ఇది జరిగి ఆరేళ్లయింది. అప్పటికి నేను రిటైరై రెండేళ్లు. ముప్పై మూడేళ్లు కాలువల శాఖలో నీటిమట్టాలు రాసినవాణ్ణి. కాలువ గట్టున అంకెలు చెక్కిన రాయి ఒకటి ఉంటుంది, దాన్నే గేజి అంటాం. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి దాని దగ్గరికి వెళ్లి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. కాలువ మనల్ని చూసి దాక్కోదు. ఏ వేళకు వెళ్లినా తన మట్టం తాను చూపిస్తుంది. లోకంలో ఉన్న గేజిలన్నీ ఇంతే మర్యాదగా ఉంటాయని నేను నమ్మాను. నా కొంప ముంచింది ఆ నమ్మకమే.

మా తోడల్లుడు ప్రకాశరావు అమలాపురంలో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మా ఆవిడ భ్రమరాంబ చెల్లెలు రాజ్యలక్ష్మి ఆయన భార్య. ఆయన దగ్గర ఎత్తు సీట్ల టర్బో డీజిల్ బండి ఒకటి ఉండేది. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని మామూలు కంటే ఎక్కువ బలంగా తోసే చిన్న పంకా. భుజం నొప్పి వల్ల గేర్లు వేయలేకపోతున్నానని, ఆ బండి నన్ను తీసుకోమన్నాడు. మాట వరసకి కొంచెం తగ్గించి అడిగాను.

"అలాగేనండి అన్నయ్యగారూ," అన్నాడు.

అంతే! బేరం లేదు, నిట్టూర్పు లేదు, ఇంట్లో అడిగి చెప్తానన్న మాట లేదు. తోడల్లుళ్లంటే ఒకే మామగారు పెట్టిన పరీక్షకు జీవితాంతం పక్కపక్కన కూర్చునేవాళ్లు. పక్కవాడు తన జవాబు పత్రం తనంతట తానే మన ముందుకు తోశాడంటే, అందులో జవాబు తప్పని మీకైనా అనిపించదా?

భ్రమరాంబకు ఈ గొడవ పట్టలేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్సు మెట్లు ఎక్కలేదు, ఆటోలోకి వంగలేదు. మామూలు కారులో కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఈ బండి సీటు మాత్రం కొలిచి కుట్టించిన రవికలా సరిపోయింది. తలుపు తీసి అలా పక్కకి జరిగితే చాలు, కూర్చున్నట్టే. రెండేళ్లుగా గుమ్మం దాటని మనిషి, బండి వచ్చిన వారానికే పెద్దాపురం మరిడమ్మ తల్లిని చూసొచ్చింది. ఉప్పాడ వెళ్లి మగ్గం దగ్గరే కూర్చుని చీర ఎంచుకుంటానని రోజూ చెప్పేది. ఆ బండి పోతే ఆమె మళ్లీ గుమ్మం దగ్గర కుర్చీకే పరిమితం. ఇది నాకు తెలుసు. తెలిసీ నేను చేసిన ఘనకార్యం వినండి.

బండిలో ఏదో లోపం దాచి ఉంటాడని, దాన్ని గేజిలతో పట్టుకోవాలని తీర్మానించుకున్నాను. రాజమండ్రిలో ఇలాంటి పరికరాలు బిగించే మెకానిక్ యోహాను దగ్గరికి, ఇరవై రెండు ప్రశ్నలు రాసుకున్న కాగితంతో వెళ్లాను.

"టర్బో బండికి ఏయే గేజిలు ఉండాలయ్యా?"

"ఆయ్, చాలా ఉంటాయండి. టర్బో ఎంత గాలి తోస్తుందో చూపించే బూస్ట్ గేజి, ఆయిల్ ప్రెషర్, ఆయిల్ వేడి, పొగ వేడి. రేసుల్లో తోలేవాళ్లు పెట్టించుకుంటారండి. మీకెందుకండి బాబూ? కంపెనీవాడు ఇచ్చినవి చాలు."

సరుకు కొనొద్దని చెప్పే వ్యాపారిని మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు. నా బుర్రలో వెంటనే రాజమండ్రి నుంచి అమలాపురానికి ఒక తీగ సాగింది.

"నీకు ప్రకాశరావుగారు తెలుసా?" అని అడిగాను, కళ్లలోకి సూటిగా చూస్తూ.

"ఏ ప్రకాశరావుగారండి?"

తెలిసినవాడు కూడా సరిగ్గా ఇదే అంటాడు. కాగితం మీద ఒక గుర్తు పెట్టుకున్నాను.

ఇక ఎంపిక. అంకెలు వెలిగేది వద్దన్నాను, ముల్లు తిరిగేదే కావాలన్నాను. అంకెల చేత ఎవరైనా ఏమైనా చెప్పించగలరు, ముల్లుకి అంత తెలివి ఉండదు. వైరు ద్వారా కబురు అందుకునే రకం వద్దన్నాను, సన్నని గొట్టంలో గాలి నేరుగా వచ్చి ముల్లుని తోసే రకం కావాలన్నాను. మధ్యవర్తులంటే నాకు గిట్టదు. చివరికి బూస్ట్ ఒకటి, ఆయిల్ ప్రెషర్ ఒకటి ఖాయం చేశాను. డ్యాష్‌బోర్డు మీద రెండూ గుడ్లగూబ కళ్లలా అమరాయి.

"ఒక్క మాటండి," అన్నాడు యోహాను. "బూస్ట్ గేజి బండి నడుస్తుండగా చూడాలండి. కాస్త తొక్కి..."

"నడుస్తుండగానా? అంటే రోడ్డు చూడాల్సిన కళ్లతో గేజి చూడాలా?"

"పక్కన కూర్చున్నవాళ్లు చూడొచ్చు కదండి."

"నా పక్కన కూర్చునేది మా ఆవిడ. ఆమెకి అంకెలు పట్టవు."

"మీ ఇష్టమండి," అని ఊరుకున్నాడు. వీడు నన్ను ప్రమాదంలో పడేసి సాక్ష్యం మాయం చేయాలని చూస్తున్నాడని ఆ రోజు డైరీలో రాశాను. ఉంది, కావాలంటే చూపిస్తాను.

ఇంటికి రాగానే నా పద్ధతి మొదలైంది. ఆరింటికి, పన్నెండింటికి, మళ్లీ ఆరింటికి షెడ్డులోకి వెళ్లడం, ఇంజన్ స్టార్ట్ చేయడం, రెండు నిమిషాలు ఆగడం, ముల్లు చూడటం, రాయడం. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టేవాణ్ణి కాదు. కాలువ మట్టం చూసేటప్పుడు నీళ్లలో చెయ్యి పెట్టి కలపం కదా! బయటికి వెళ్లేటప్పుడు నా చూపు చెదరకుండా గేజిల మీద తువ్వాలు కప్పేవాణ్ణి. నలభై దాటి ఎప్పుడూ నడపలేదు.

మొదటి రోజు బూస్ట్ సున్నా, సున్నా, సున్నా. రెండో రోజూ అంతే. ఐదో రోజుకి నా అనుమానం అడ్డపంచె వదిలి ప్యాంటు తొడుక్కుంది.

"ఏమండీ, పొద్దున్నే పక్కింటివాళ్ల పిల్లాడు పొగకి దగ్గుతున్నాడు. ఏం చేస్తున్నారు?" అంది భ్రమరాంబ.

"మీ మరిది గుట్టు బయటపెడుతున్నాను. టర్బో చచ్చిపోయింది."

"బండి బాగానే పోతోంది కదండీ?"

"పోవడం వేరు, పనిచేయడం వేరు."

"మీరు ఉద్యోగంలో ఉండగా నాకు ఈ తేడా చెప్పలేదే!"

పైగా ఆయిల్ ప్రెషర్ ముల్లు పొద్దున పైన ఉండేది, బజారుకి వెళ్లి వచ్చేసరికి కిందికి దిగేది. దారిలో నూనె ఎవరో తీస్తున్నారని యోహానుకి ఫోన్ చేశాను.

"వేడెక్కితే పలచబడుతుందండి. పెనం మీద నూనె చూడలేదాండి ఎప్పుడూ?" అన్నాడు.

నా అనుమానాన్ని అట్ల పెనం దాకా దించినందుకు వాడి పేరు పక్కన రెండో గుర్తు పడింది.

ఇరవై ఒక్క రోజులు. రోజుకు మూడు. మొత్తం అరవై మూడు సున్నాలు. గళ్ల కాగితం మీద గ్రాఫు కూడా గీశాను. గీత పైకి లేవలేదు, కిందికి దిగలేదు. అప్పడాల కర్రలా తిన్నగా పడుకుంది. అప్పుడు అమలాపురం ఫోన్ చేశాను.

"ప్రకాశరావుగారూ, మీరొకసారి రావాలి. ఫోన్‌లో చెప్పేది కాదు. ఆధారాలున్నాయి."

"ఆధారాలేంటండి అన్నయ్యగారూ? ఎవరైనా పోయారాండి?"

"టర్బో పోయింది."

"రేపు వస్తామండి," అన్నాడు.

మర్నాడు భార్యాభర్తలు బస్సులో దిగారు. కాఫీలయ్యాక డైరీ, గ్రాఫు ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటిలా పేజీ పేజీ తిప్పాడు.

"ఇవన్నీ మీరే స్వయంగా చూశారా అండి?"

"స్వయంగా."

"బండి ఎక్కడ ఉండగా?"

"షెడ్డులో. ఒక్క అంగుళం కదపలేదు. చోటు మారితే పోల్చడానికి వీలుండదు."

"తొక్కలేదు?"

"ముట్టుకోలేదు."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. పశ్చాత్తాపం అనుకున్నాను. డైరీ మూసి రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాదేనండి. ఇంత పక్కా ఆధారం ఉన్నాక నేనేం మాట్లాడతాను? బండి నేనే తీసేసుకుంటాను, మీ సొమ్ము మీకిచ్చేస్తాను. టర్బో పని చేయనందున మీ ఇష్టపూర్వకంగానే తిరిగిచ్చారని ఒక్క కాగితం మీద రాసివ్వండి చాలు."

వంటింటి గుమ్మంలో నిలబడి భ్రమరాంబ అంతా వింటోంది. కొంగుతో చేతులు తుడుచుకుంది, పొడిగానే ఉన్నా మళ్లీ తుడుచుకుంది. నేను చూశాను. చూసి కూడా, గెలిచిన ఊపులో, కాగితం నింపి అడుగున సంతకం కొట్టాను.

బండి అప్పగింత పద్ధతిగా జరగాలని, అమలాపురంలో ఆఖరి రీడింగ్ తీసి సంతకాలు చేసుకోవాలని నేనూ వెంట బయల్దేరాను. "నేనూ వస్తాను. మళ్లీ ఎప్పుడు ఎక్కుతానో," అని భ్రమరాంబ చెల్లెలి పక్కన వెనక సీట్లో కూర్చుంది. ప్రకాశరావు స్టీరింగ్ ముందు కూర్చుని మొదట చేసిన పని, గేజిల మీది తువ్వాలు తీసి నా ఒళ్లో పెట్టడం.

"నా బండి కదండి ఇప్పుడు," అన్నాడు.

ఆయన భుజం భేషుగ్గా ఉంది. గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడుతున్నాయి. జొన్నాడ దాటి వంతెన ఎక్కాం. ముందు కడియం మొక్కల లారీ ఒకటి తోటంతా నెత్తిన పెట్టుకుని నిండు చూలాలిలా నడుస్తోంది. ప్రకాశరావు అద్దంలో చూసుకుని, గేరు మార్చి, గట్టిగా తొక్కాడు.

బూస్ట్ ముల్లు లేచింది.

ఐదు. పది. పదిహేను. హెడ్మాస్టరు గదిలోకి వస్తే పిల్లలు లేచినట్టు చివాలున లేచింది. నా వీపు సీటుకి అతుక్కుంది. మొక్కల లారీ వెనక్కి వెళ్లిపోయింది. కింద గోదావరి, పైన ముల్లు, మధ్యలో నేను.

"ముల్లు... ముల్లు లేచిందేంటి?"

"ఏమోనండి. నది గాలికి తేరుకుందేమో," అన్నాడు ప్రకాశరావు.

"ఆపండి! బండి ఆపండి! రీడింగ్ తీసుకోవాలి!"

"ఆపితే మళ్లీ సున్నాయేనండి అన్నయ్యగారూ."

వెనక సీట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి మొదలెట్టిన నవ్వు రావులపాలెం దాకా ఆగలేదు. నేను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను. నా ముప్పై మూడేళ్ల సర్వీసు అంతా అందులోకే పోయింది.

అమలాపురంలో దిగాక, "ఆ కాగితం ఒకసారి ఇస్తారా?" అన్నాను.

"ఇవ్వనండి. భుజం తగ్గింది లగాయతు ఈ బండి నా కల్లోకి వస్తోంది. ఎలా అడగాలా అని చూస్తుంటే, అరవై మూడు ఆధారాలతో మీరే తెచ్చిచ్చారు."

నేను భ్రమరాంబ వైపు చూడలేకపోయాను. రాజ్యలక్ష్మి ముందుకొచ్చి భర్త చేతిలోంచి తాళం లాక్కుంది.

"బావగారు ఇచ్చారు, మీరు తీసుకున్నారు. అక్కని ఎవరైనా అడిగారా? అక్కా, ఉప్పాడ ఎప్పుడన్నావే?"

"శుక్రవారం," అంది భ్రమరాంబ, అప్పటికే ముందు సీట్లోకి జరుగుతూ.

ప్రకాశరావు ఆమెకు దణ్ణం పెట్టాడు. "మీది కాదంటే ఎలాగండి వదినగారూ. బండి మీది. అన్నయ్యగారు డ్రైవరు. కాగితం మాత్రం నా దగ్గరే ఉంటుంది." ఉండటం కాదు, పటం కట్టించి హాల్లో తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ నా చేతివ్రాత బాగుంటుందని చూపిస్తున్నాడట.

శుక్రవారం ఉప్పాడ బయల్దేరాం. అంతకుముందు రోజే భ్రమరాంబ యోహానుని పిలిపించి, బూస్ట్ గేజిని తన వైపు తిప్పించుకుంది. నాకు దాని వీపు మాత్రమే కనబడుతుంది. ఊరు దాటామో లేదో మొదలెట్టింది.

"ఆరు... ఏడు... ఏంటండీ ఈ నడక? ఆ బస్సుని దాటండి. పది... పన్నెండు... అబ్బ, పడిపోయింది! ముందున్న ట్రాక్టరు కూడా దాటండి. నేనింకా పదిహేను చూడలేదు!"

జీవితంలో నలభై దాటనివాణ్ణి, ఆ రోజు రెండు బస్సులు, ఒక ట్రాక్టరు, ఒక పెళ్లి వ్యాను దాటాను. ఉప్పాడలో నేను తలుపు పట్టుకుని దిగాల్సి వచ్చింది. ఆమె మోకాళ్లు మాత్రం చక్కగా మగ్గం దాకా నడిచాయి.

ఆమె చీర ఎంచుకుంటుండగా, అక్కడే అరుగు మీద కూర్చుని డైరీ తెరిచి ఇలా రాశాను: "నేను, దిగువ సంతకం చేసినవాడను, పూర్తి స్పృహతో ప్రమాణం చేయునది ఏమనగా, ఇక ఈ జన్మలో సున్నా చూపించే ఏ గేజినీ అనుమానించను. సున్నా అంటే బండి ఆగి ఉందని, నేను ఇంకా బతికే ఉన్నానని అర్థం."